పేరుకి 1,500 తీసుకున్నారు, అర్థం మాత్రం తప్పు చెప్పారు

విశాఖ ద్వారకానగర్‌లో పిల్లలకి పేర్లు చూసిపెట్టే ఒక ఆఫీసుకి మా పాప బారసాలకి నాలుగు రోజుల ముందు వెళ్ళాం. మృగశిర నాలుగో పాదం కాబట్టి ‘కీ’ అక్షరం రావాలన్నారు, అంతవరకు కరెక్టే, పంచాంగం ఉంటే అది మనమూ చూసుకోవచ్చు. ఇచ్చిన కాగితంలో మొదటి పేరు కియారా. చాలా అరుదట, పైగా సంస్కృతమట! అది ఇటాలియన్ పేరండీ, లాటిన్ ‘క్లారా’ నుంచి వచ్చింది, ప్రకాశవంతమైనది అని అర్థం. దానికి దగ్గరగా వినిపించే ఐరిష్ పేరు ‘కీరా’కైతే నల్లనిది అని. ఇక అరుదంటారా, మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు.

మా అత్తయ్యగారు మాత్రం "బురుజుపేట అమ్మవారి పేరు పెట్టండర్రా, కనకం అని" అన్నారు. కనకమన్నా పైడన్నా బంగారమే కదా, అందుకే ఇక్కడ కనకమహాలక్ష్మి పేరున కనకాలు, విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజులు, ఇక సింహాచలం అయితే ఆడా మగా ఇద్దరికీ పెట్టేవారు. ఇప్పుడు ఏ స్కూలు హాజరుపట్టీలో దొరుకుతాయి చెప్పండి? ఆ మాటే అక్కడ అడిగితే "పాతవి ఎవరూ పెట్టట్లేదమ్మా" అన్నారు. మర్యాదగా మాట్లాడారు, ఏసీ ఉంది, రెండు స్టార్లు అందుకే. పాప పేరు కనక.