ప్రైమరా, బోల్టా, క్రోనోగ్రాఫా: పీడనం తెలుసుకోవడానికి ఏది మేలు?

తూటాలను సొంతంగా నింపుకునేవారు, పేలినప్పుడు లోపలి పీడనం హద్దు దాటిందో లేదో ఏదో ఒక గుర్తుతో తేల్చుకోవాలి. కాల్చిన కేసును (తూటా ఇత్తడి గొట్టం) తిప్పి చూసి, ప్రైమర్ (దాని అడుగున ఉండి పౌడర్‌ను రాజేసే చిన్న కప్పు) అంచులు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి కాబట్టి మరికొంచెం పౌడర్ పోయవచ్చనే వాదన విజయవాడ, గుంటూరు షూటర్ల మధ్య కూడా నడుస్తుంది. నా లెక్కలో ఆ గుర్తుది చివరి స్థానం.

ప్రైమర్ కప్పుల్లో మెత్తనివీ గట్టివీ ఉంటాయి. మెత్తనిది మామూలు పీడనానికే చదునవుతుంది, గట్టిది హద్దు దాటినా చెక్కుచెదరదు. పైగా రీసైజింగులో (వాడిన కేసును మళ్లీ కొలతకు తేవడం) కేసు భుజాన్ని, అంటే మెడ కింది వాలును, మరీ వెనక్కి నెడితే, పేలినప్పుడు ప్రైమర్ ముందుగా బయటికి జరుగుతుంది. తరువాత కేసు వెనక్కి వచ్చి, వెనక నుంచి మూసి ఉంచే బోల్టుకు తగలడంతో అది చదునవుతుంది. అక్కడ పీడనానిది తప్పు కాకపోవచ్చు. ప్రైమర్‌ను కొట్టే పిన్ను చేసిన గుంట చుట్టూ లేచే గట్టూ అంతే: బోల్టు ముఖంలోని పిన్ను రంధ్రం వదులుగా ఉంటే సాధారణ తూటాకూ లేస్తుంది.

బోల్టు బిగుసుకుపోవడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) రంధ్రం ఆకారంలో మెరిసే మచ్చ, ప్రైమర్ కూర్చునే పాకెట్ వదులవడం వీటికన్నా నమ్మదగినవి. తూటా కూర్చునే ఛాంబరులో నూనె, మురికి లేవని ముందు చూసుకోవాలి. చిక్కల్లా ఆలస్యమే, ఇత్తడి లొంగిపోయాక గానీ ఇవి కనబడవు. .308 విన్‌చెస్టర్ తూటాకు అమెరికా ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పీడనం 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మచ్చ పడేది చాలాసార్లు అది దాటాకే. .30-30 తూటాకు పరిమితి 42,000 మాత్రమే. దాన్ని కాల్చే పాత లీవర్ రైఫిల్లో మచ్చ కోసం ఎదురుచూడడం సాహసం కాదు, తెలివితక్కువతనం. మౌజర్ 98 రైఫిల్ బోల్టు ముఖంలో ఎజెక్టర్ రంధ్రమే ఉండదు, ఇక మచ్చ ఎక్కడిది?

అందుకే నా ఓటు బుల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫుకు. అదీ పీడనాన్ని కొలవదు, కానీ వేగం ఊరికే రాదు. అదే బుల్లెట్, అదే పౌడర్‌తో లోడింగ్ మాన్యువల్‌లోని గరిష్ఠ వేగం తక్కువ పౌడర్‌కే వచ్చేసిందంటే పీడనమూ దాదాపు అక్కడికి చేరినట్టే. బ్యారెల్ పొడవు తేడాకు అంగుళానికి సెకనుకు సుమారు 20, 25 అడుగుల వేగం సర్దుకోవాలి.

మన దగ్గర దీని అవసరం మరీ ఎక్కువ. డిసెంబరు ఉదయం సరిచూసుకున్న తూటాలను మే నెలలో కారు డిక్కీలో పెట్టుకుని రెంటచింతల వైపు వెళ్తే, వేడికి స్పందించే పౌడర్ ఇంకా ఎక్కువ పీడనం పుట్టిస్తుంది. ప్రైమర్‌లో ఏ మార్పూ కనబడకముందే వేగం పెరిగిన సంగతి క్రోనోగ్రాఫు చూపిస్తుంది. (లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఈ మాటలన్నీ అనుమతి ఉన్నవారికే.)

ఒక్కచోట మాత్రం బోల్టు మాటే చెల్లుతుంది. అది బిగుసుకుంటే, క్రోనోగ్రాఫు ఎంత తక్కువ వేగం చూపినా ఆ రోజుకు కాల్చడం ఆపేయాలి. మిగిలిన తూటాలను ఇంటికి తెచ్చి బుల్లెట్లు ఊడదీయాలి.