మదురైలో పావు వంతు మిగిలిన మహలు

మదురై వెళ్లినవాళ్లం మీనాక్షమ్మ దర్శనం చేసుకుని రామేశ్వరం బండెక్కేస్తాం. మేమూ రెండుసార్లు అలాగే చేశాం. ఈసారి ఒకప్పుడు మదురైని ఏలిన తిరుమల నాయకుడి మహలు చూడందే కదలనని అమ్మ పట్టుబట్టింది.

గుడి నుంచి ఆటోలో పది నిమిషాలు. 1636లో కట్టించిన మహలది. నడిమి వాకిట్లో అడుగు పెట్టగానే అమ్మ తల పైకెత్తి అలాగే నిలబడిపోయింది. ఒక స్తంభానికి చెరోవైపు నిలబడి ఇద్దరం చేతులు చాపాం, అందలేదు. రాయి అనుకున్నాం గానీ, లోపలంతా ఇటుకే, పైన సున్నపు పూత. ఆ సున్నంలో గుడ్డు సొన కలిపారని చెబుతారు. నీడపట్టున ముట్టుకుంటే నున్నగా, చల్లగా తగిలింది. అలాంటి పూత మీద ఎవరెవరో మేకులతో పేర్లు గీకి పెట్టారు. కడుపు తరుక్కుపోయింది.

ఇంతా చేసి ఇప్పుడు నిలిచున్నది అప్పటి మహలులో పావు వంతేనట. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు చాలా భాగం ఊడదీయించి పట్టుకుపోయాడు. మిగిలిందాన్ని 1866 తర్వాత మద్రాసు గవర్నరు నేపియర్ బాగుచేయించాడు. పోయినదాని జాడ కావాలంటే ఊళ్లో విళక్కుత్తూణ్ అనే చోటు దగ్గర 'పత్తుత్తూణ్ సందు' (పది స్తంభాల సందు) అని అడగండి. బట్టల దుకాణాల మధ్య పది రాతి స్తంభాలు, మోయడానికి పైకప్పు లేకుండా నిలబడి ఉంటాయి. ఆ మహలు ఎంత దూరం పరుచుకుని ఉండేదో నాకు అక్కడే తెలిసింది.

మహలు బయట మల్లెపూలమ్మే పెద్దావిడ మా మాటలు విని, "తెలుగోళ్లా? మా ఇంట్లోనూ తెలుగే" అంది. మూర కొంటే ఇంకో జానెడు కలిపి అమ్మ జడలో తనే తురిమింది. ఆ నాయక రాజులదీ తెలుగే కదా!

బస విషయానికొస్తే, స్టేషనుకు ఎదురుగా ఉన్న వీధుల్లో లాడ్జీలు బోలెడు. గుడికి నడిచి వెళ్లొచ్చు, అదొక్కటే సుఖం. మేం దిగినచోట ఫొటోలో చూపిన గది వేరు, ఇచ్చింది కిటికీ లేని గది. తెల్లవారి వేణ్ణీళ్లకు మూడుసార్లు అడగాల్సి వచ్చింది. ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను మాత్రం మారుమాట లేకుండా ఉంచుకున్నారు. పెద్దవాళ్లతో వెళ్తే గది చూశాకే డబ్బు కట్టండి.

మర్నాడు మదురైలోని మాట్టుత్తావణి బస్టాండు నుంచి తంజావూరు బస్సెక్కాం. అక్కడి కోట నాయకులు మొదలుపెట్టి, మరాఠాలు పెంచినది. 1673లో ఈ చొక్కనాథుడి సేనలతో పోరులోనే తంజావూరు విజయరాఘవ నాయకుడు నేలకూలాడు. మహలుగా చూస్తే మదురైదే గొప్పది, తంజావూరు కట్టడాలు అక్కడక్కడా పెచ్చులూడి ఉన్నాయి. కానీ నాయకుల దర్బారులోని చోళుల కంచు విగ్రహాలు, సరస్వతీ మహల్ గ్రంథాలయం చూడటానికి మాకు పూట చాలలేదు. మదురైకి ఒకరోజు తగ్గించుకునైనా తంజావూరుకు రెండు రోజులు పెట్టుకోండి. గ్రంథాలయం ప్రదర్శనశాలలో అమ్మ అద్దానికి ముఖం ఆనించి తాటాకు మీది తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంటే, మూసే వేళైందని కాపలాదారు వచ్చి చెప్పేదాకా మేం కదల్లేదు.