థెరపీ జిల్లా ఆస్పత్రిలోనా, మండలంలోనా?

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు, కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న ఏడేళ్ల పాపకు మన దగ్గర సర్కారు దారులు రెండున్నాయి. ఒకటి జిల్లా కేంద్రంలోని ఆస్పత్రిలో ఉండే డీఈఐసీ, అంటే పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే కింద ఇది నడుస్తుంది. రెండోది బడి చదువుల సర్కారు పథకం సమగ్ర శిక్ష ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం, సాధారణంగా మండలంలోని బడి ఆవరణలోనే ఉంటుంది.

జబ్బు ఏమిటో తేల్చడంలో డీఈఐసీకి సాటి లేదు. పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకేచోట ఉండాలన్నది దాని పద్ధతి. పోస్టులు ఖాళీగా ఉంటే మాత్రం అది బోర్డుకే పరిమితం.

కానీ థెరపీ ఒక్కరోజు పని కాదు. బిగుసుకున్న మడమను రోజూ మెల్లగా సాగదీయాలి, పాపను సరిగ్గా కూర్చోబెట్టాలి. అందుకోసం కూలి మానుకుని, పిల్లను చంకనేసుకుని, రెండు బస్సులు మారి ఏ తల్లి ఎన్నాళ్లు తిరుగుతుంది? నాలుగు వారాలు పోయాక మానేస్తుంది. అప్పుడు ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అని మనమే అంటాం!

భవితలో ప్రత్యేక టీచర్లు రోజూ ఉంటారు. అక్కడి లోటు ఫిజియో: చాలాచోట్ల వారానికోసారే వస్తారు. గదులూ పరికరాలూ అంతంతమాత్రమే.

నన్నడిగితే వినికిడి పరీక్షలు, రోగ నిర్ధారణ, ఆరు నెలలకోసారి సమీక్ష జిల్లాలోనే ఉండాలి. థెరపిస్టుల పని గంటల్లో ఎక్కువ భాగం మండలాలకు మార్చాలి. ఆరోగ్య శాఖ రాసిన కాగితం విద్యాశాఖ టీచరు చేతికి చేరేలా ఒకే ఫైలు పెట్టాలి. ఇప్పుడు ఆ ఫైలు మోసేది తల్లే.