ఆబిడ్స్ ఫుట్‌పాత్ రికార్డు: ఎనిమిదేళ్లు విన్నాక

2017లో ఒక ఆదివారం ఆబిడ్స్ పాత పుస్తకాల బజారులో, సుప్రభాతాలకీ పాత సినిమా పాటలకీ మధ్య ఈ ఎల్పీ కనబడింది. అమెరికన్ స్వరకర్త మార్టన్ సుబోట్నిక్ ‘సిల్వర్ ఆపిల్స్ ఆఫ్ ద మూన్’, నాన్‌సచ్ కంపెనీ, 1967. ఆ పేరు అప్పటిదాకా వినలేదు. "గిండ్ల పాటల్ లెవ్వు సార్, అంతా గరగర సప్పుడే. నూటయాభై ఇయ్యండి" అన్నాడు అమ్మే ఆయన. ఉన్నమాట చెప్పి అమ్ముతున్నందుకే కొనాలనిపించింది.

పాటల్లేవన్నది నిజమే. డాన్ బుక్లా తయారుచేసిన సింథసైజర్ మీద, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యం మీద చేసిన సంగీతం అది. దానికి హార్మోనియంలా మెట్లుండవు. వేలితో తాకే రేకులుంటాయి, ఒకసారి అమర్చిన స్వరాల వరసను తనంతట తానే తిప్పి తిప్పి పలికించే సీక్వెన్సర్ ఉంటుంది. కచేరీలో వాయించింది పట్టి రికార్డుకెక్కించలేదు. ఇంట్లో కూచుని వినే ఎల్పీ కోసమే ఒక రికార్డు కంపెనీ అడిగి చేయించిన తొలి ఎలక్ట్రానిక్ రచన ఇది. రెండు పక్కలకి రెండు భాగాలు. మధ్యలో లేచి ప్లేటు తిరగేయడం కూడా వినడంలో భాగమే. ఫోన్లో విన్నప్పుడు నాకు ఆ విరామం లోటుగానే ఉంటుంది.

మొదటి పక్క అంతా ఈలలు, గొణుగుళ్లు, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలు. రెండో పక్కన లయ అందుకుంటుంది. అది మొదలైనప్పుడల్లా అమ్మ వంటింట్లోంచి "సూది ఇరుక్కుందేమో చూడరా" అనేది. అమ్మ అనుమానం సబబే. ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తుంది, కాకపోతే వచ్చిన ప్రతిసారీ కాస్త మారి వస్తుంది. ఆ మార్పు నా చెవికి అందడానికి నెలలు పట్టింది.

అయితే మొదటి ఏడాదంతా నేను విన్నది అసలు సంగీతం కాదు. మా బావ డాలస్ నుంచి తెచ్చిన బెల్టు టర్న్‌టేబుల్‌ని (మోటారు బెల్టుతో ప్లేటుని తిప్పే రికార్డు ప్లేయర్) స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపేవాణ్ణి. రికార్డు బరువుగా, గంభీరంగా మోగుతుంటే అది దాని స్వభావమే అనుకున్నాను. ఒకరోజు తాతయ్య పెట్టెలోంచి ఘంటసాల భగవద్గీత తీసి పెట్టాను. ఆ గొంతు ఘంటసాలది కాదు! బావిలోంచి వస్తున్నట్టు, ఒక్కో అక్షరం ఈడ్చుకుంటూ వస్తోంది. చిన్నప్పట్నుంచీ గుడి మైకుల్లో విన్న గొంతు కదా, ఒక్క శ్లోకానికే తెలిసిపోయింది.

తప్పు కరెంటు దగ్గర ఉంది. ఏసీ కరెంటు సెకనుకి ఎన్ని ఆవృత్తులు చేస్తుందో చెప్పే లెక్క హెర్ట్జ్. అమెరికాలో అది 60, మన దగ్గర 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గాని హెర్ట్జ్ జోలికి పోదు, ఆ రకం ఏసీ మోటారేమో హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 28 కూడా తిరగడం లేదు. పదహారున్నర నిమిషాల్లో అయిపోవాల్సిన పక్క ఇరవై నిమిషాలు నడిచేది, శ్రుతి మూడు మెట్లు కిందకి దిగేది.

కోఠీలో ఒక మెకానిక్ బెల్టు మార్చి, ఎనిమిది వందలు తీసుకుని, "ఇగ మంచిగున్నది" అన్నాడు. ఏమీ మారలేదు. చివరికి రాణిగంజ్‌లో లేత్ పనిచేసే పెద్దాయన ఒకరు మోటారు పుల్లీని (బెల్టు తిరిగే చిన్న చక్రం) ఐదోవంతు లావుగా ఇత్తడిలో తీసిచ్చారు. వేగం సరిచూసే 180 గీతల స్ట్రోబ్ చక్రాన్ని కాగితం మీద ప్రింటు తీసుకుని ప్లేటు మీద పెట్టి, వరండాలో పాత చోక్ ట్యూబ్‌లైటు కింద తిప్పాను. ఆ లైటు రెపరెపల్లో గీతలు కదలకుండా నిలబడ్డాయి, అంటే వేగం సరిగ్గా ఉన్నట్టే. ఆ రాత్రి రెండో పక్క పెడితే, ఏడాదిగా నడుస్తోందనుకున్నది గంతులేస్తోంది. నిజం చెప్పాలంటే కొన్ని వారాలు ఆ పాత నడకే కావాలనిపించింది.

సెకండ్‌హ్యాండ్ ప్లేటు మీద గీతలు తప్పవు. ఈ రకం సంగీతంలో ఏది గీతో ఏది స్వరమో మొదట్లో తెలిసేది కాదు. ఇప్పుడు లెక్క దొరికింది. ప్లేటు ఒక్క చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. టిక్కుమనే శబ్దం సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తుంటే అది గీతే. నా ప్లేటు మొదటి పక్కన అలాంటిది ఒకటుంది, పది పదిహేను చుట్లు వినబడి పోతుంది. వానాకాలంలో అట్ట మెత్తబడి బూజు పడుతుంది, దానికే ఎక్కువ జాగ్రత్త కావాలి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తని బట్టతో ప్లేటుని గాడి వెంట తుడుస్తాను. మధ్యలో లేబుల్ తడవకూడదు. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, నిలబెట్టాలి.

ఆబిడ్స్‌లోనూ ఎర్రగడ్డ సంతలోనూ ఇలాంటివి వరసగా దొరుకుతాయని మాత్రం వెళ్లకండి. ఎనిమిదేళ్లలో నాకు దొరికినవి నాలుగే. 1982లో హెచ్ఎంవీ వేసిన చరణ్‌జిత్ సింగ్ సింథసైజర్ రాగాల ఎల్పీ కోసం తిరిగి తిరిగి మానుకున్నాను. దాని విలువ అందరికీ తెలిశాక ఇక ఫుట్‌పాత్ దాకా ఎందుకొస్తుంది! కానీ ఎవరూ అడగని ప్లేటును నూటయాభై పెట్టి ఇంటికి తెచ్చుకుంటే, నచ్చకపోయినా పదిసార్లు వింటాం. ఈ సంగీతానికి ఆ పదిసార్లు కావాలి.

ఆబిడ్స్ ఆయన ఇప్పుడు గరగర సప్పుడువి కనబడితే నాకోసం పక్కన పెడుతున్నాడు. కొత్తది ఏది తెచ్చినా ముందు ఘంటసాలవి రెండు శ్లోకాలు విని, గొంతు ఆయనదేనని రూఢి చేసుకున్నాకే దాన్ని ఎక్కిస్తాను.