స్నానం నీళ్లకి ఏది చవక: రాడ్డా, గ్యాసా, సరుగుడు కట్టెలా?

శ్రీకాకుళం వైపు ధనుర్మాసంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకుందాం. 20 లీటర్ల బకెట్టుని 42కి తేవడానికి అర యూనిట్టు పైన కరెంటు, 1500 వాట్ల రాడ్డుతో పాతిక నిమిషాలు పడుతుంది. ఖర్చంతా శ్లాబులోనే ఉంది. నెల వాడకం 125 యూనిట్ల లోపైతే చివరి యూనిట్లు ఒక్కోటి 4.50 రూపాయలు, 225 దాటితే 8.75. అదే బకెట్టు రెండున్నర నుంచి ఐదు రూపాయల దాకా పోతుంది.

రాడ్డుకి 16 ఆంప్స్ సాకెట్టే వాడాలి. నీళ్లలో పెట్టాకే స్విచ్ వేయాలి, ఆపాకే చెయ్యి పెట్టాలి. ఇనప బకెట్టు వద్దు. బోరు నీళ్లకి రాడ్డు మీద తెల్లటి పొర పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో నానబెట్టి తీసేయండి, లేకపోతే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది.

గ్యాస్ గీజర్‌కి బకెట్టుకి 50 గ్రాములు. సిలిండర్ 900 అనుకుంటే మూడు రూపాయల పైచిలుకు. పొయ్యి మీద గిన్నెతో అయితే 70 గ్రాములు, నాలుగున్నర. గీజర్‌ని మాత్రం గాలాడని బాత్రూంలో బిగించకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మధ్యలో గొట్టమున్న రాగి బాయిలర్‌కి ఎండిన సరుగుడు అరకిలో చాలు. మూడు రాళ్ల పొయ్యికి కిలో. పచ్చికట్టె అయితే పొగే తప్ప వేడి ఉండదు. ఉద్దానంలో కొబ్బరి డొక్కలు ఊరికే దొరుకుతాయి కాబట్టి అక్కడ దీన్ని మించింది లేదు. పలాస జీడి తొక్క చవకే గానీ దాని నూనె పొగ కళ్లని, గొంతుని మండిస్తుంది, ఇంట్లో వద్దు.