ఇంట్లో కుట్టిన సైకిల్ బ్యాగులు: ఎండ, వాన, ఘాట్ రోడ్డు అన్నీ చూశాక

సైకిల్ మధ్య త్రికోణంలో అమరే ఫ్రేమ్ బ్యాగు అయితే ఇంట్లోనే కుట్టుకోండి. సీటు వెనక బ్యాగు ఓపిక ఉంటే కుట్టుకోండి. క్యారియర్‌కు రెండు పక్కలా తగిలించే పానియర్లు మాత్రం కొనుక్కోవడమే మేలు. కొన్నేళ్లుగా నా చేత్తో కుట్టుకున్న బ్యాగులతోనే హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్, శ్రీశైలం దారుల్లో, విశాఖ నుంచి అరకు ఘాట్ మీద తిరుగుతున్నాను. కుట్టిన కొత్తలో ఏ బ్యాగైనా ముద్దుగానే ఉంటుంది కాబట్టి ఆ ముచ్చట్లు వదిలేసి, వాడగా వాడగా ఏది నిలిచింది, ఏది ఊడింది అన్నదే రాస్తాను.

ఫ్రేమ్ బ్యాగుకు అంత గట్టిగా ఓటు వేయడానికి కారణం ఉంది. సైకిల్ మధ్యలో ఉండే ఆ త్రికోణం ఏ రెండు సైకిళ్లకూ ఒకేలా ఉండదు. నాలాంటి పొట్టివాళ్ల చిన్న ఫ్రేమ్‌లో రెడీమేడ్ బ్యాగు పెడితే ఒక మూల ఖాళీగా ఉంటుంది, ఇంకో మూల పైపును ఒరుసుకుంటుంది. అదే అట్టపెట్టె ముక్కను ఫ్రేమ్ లోపల పెట్టి గీసుకుని, చుట్టూ అర సెంటీమీటరు తగ్గించి, కుట్టుకు ఒక సెంటీమీటరు కలుపుకుంటే అచ్చం మన సైకిల్‌కే పుట్టినట్టు అమరుతుంది. వెడల్పు 6 సెంటీమీటర్లు దాటనివ్వకండి. బ్యాగు నిండాక పొట్ట బయటికొచ్చి, తొక్కుతున్నప్పుడు మోకాళ్లకు తగులుతుంది. సాయంత్రానికి తొడ లోపలి వైపు ఎర్రగా కందిపోతుంది.

బయటి గుడ్డ 1000 డీ (డెనియర్, అంటే పోగు మందం లెక్క) కార్డూరా అనే గట్టి నైలాన్, లోపల పసుపు రంగు నైలాన్ లైనింగ్. పసుపు అందానికి కాదు. నల్ల లైనింగ్ వేసిన బ్యాగులో నల్ల అలెన్ కీ పడితే సాయంత్రం చీకట్లో చెయ్యి పెట్టి తడుముకోవడమే. కార్డూరా దొరక్కపోతే స్కూల్ బ్యాగులు కుట్టే 1680 డీ పాలిస్టర్ చాలు. నిజానికి మన ఎండలకు నైలాన్ కన్నా పాలిస్టరే కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. నా ఫ్రేమ్ బ్యాగు పైభాగం నలుపు పోయి కాఫీ పొడి రంగుకొచ్చింది కానీ గుడ్డ ఎక్కడా చిరగలేదు. ఇబ్బందల్లా నీళ్లు ఆపడానికి వేసే లోపలి కోటింగ్‌తో. పాలీయురెథేన్ పూత తేమకు మెల్లగా జిగురుగా మారి, పొట్టులా రాలుతుంది. వానాకాలంలో తడి బ్యాగును అటక మీద పడేస్తే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఇంటికి రాగానే లోపలి వైపు బయటికి తిప్పి నీడలో ఆరేయాలి.

ఇప్పుడు కుట్టు సంగతి. మా అమ్మ పాత నల్ల మిషన్, కాలితో తొక్కేది, చాలా సరిపోయింది. కొత్త ప్లాస్టిక్ మిషన్ల కన్నా దీనికి మందం గుడ్డ మీద దమ్ము ఎక్కువ. సూది 18 నంబరు, కుట్టు పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. కుట్టు మరీ చిన్నదైతే సూది రంధ్రాలు దగ్గరదగ్గరగా పడి గుడ్డ అక్కడే చిరుగుతుంది. దారం దగ్గర పిసినారితనం వద్దు. జాకెట్లు కుట్టే మామూలు దారం రోడ్డు అదుర్లకు ఆగదు. బాండెడ్ పాలిస్టర్ దారం (పోగులు విడిపోకుండా పూత వేసినది) తీసుకోండి, ఎండకూ బాగా ఆగుతుంది. పట్టీ, గుడ్డ, లైనింగ్, పైపింగ్ కలిసి నాలుగైదు పొరలైన చోట మాత్రం తొక్కడం మానేసి, పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టు వేయాలి.

అక్కడికీ లొంగని చోట్లుంటాయి. బకిల్ పట్టీలు బ్యాగుకు కలిసే చోట చతురస్రం కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయాలి. దానికి ఆటో సీటు కవర్లు కుట్టే అన్న దగ్గరికి వెళ్లాను. ఆయన మిషన్ రెగ్జీన్‌ను కాగితంలా కుడుతుంది. తిప్పి తిప్పి చూసి, "ఆటో సీటుకు కూడా ఇన్ని కుట్లు వెయ్యం తమ్ముడూ, ఏం మోస్తవ్ ఇందులో, ఇటుకలా?" అన్నాడు. ఆయన వేసిన కుట్లలో ఇప్పటిదాకా ఒక్క దారం లేవలేదు. బ్యాగు తెగేది గుడ్డలో కాదు, పట్టీ మొదట్లో. వీధి టైలర్లు సూది విరుగుతుందని ఈ పని పట్టుకోరు, సీటు కవర్ల వాళ్లను అడగండి.

వాన విషయంలో ఆశలు పెట్టుకోకండి. గుడ్డ నీళ్లను ఆపుతుంది, సూది రంధ్రాలు ఆపవు. లోపలి వైపు కుట్ల మీద సీమ్ సీలర్ (రంధ్రాలు మూసే జిగురు) పూస్తే జల్లుకు సరిపోతుంది. అనంతగిరి ఘాట్‌లో గంటల తరబడి కురిసే వానకు మాత్రం అడుగున అరగ్లాసు నీళ్లు చేరతాయి. అందుకే బట్టలు, ఫోను ఛార్జరు ఎప్పుడూ లోపల ఇంకో ప్లాస్టిక్ కవర్లో పెడతాను. నీళ్లు చొరని సైకిల్ బ్యాగులు చేసే జర్మనీ కంపెనీ ఆర్ట్‌లీబ్ పుట్టుక గుర్తొస్తుంది. హార్ట్‌ముట్ ఆర్ట్‌లీబ్ అనే కుర్రాడు ఇంగ్లండ్‌లో సైకిల్ మీద తిరుగుతూ వానకు తడిసి ముద్దయి, లారీల టార్పాలిన్ చూసి, ఇంటికెళ్లి వాళ్లమ్మ మిషన్ మీదే మొదటి బ్యాగులు కుట్టాడు. 1982లో కంపెనీ మొదలైంది. ఆ తర్వాత వాళ్లు కుట్టు మానేసి అతుకులను వేడితో అతికించే పద్ధతికి మారారు. ఆ పని ఇంట్లో కుదరదు. పానియర్లు కొనమనడానికి ఒక కారణం ఇదే. రెండోది కొక్కేలు. గుంతలో పడ్డప్పుడు క్యారియర్ మీంచి ఎగిరిపోకుండా పట్టుకునే కొక్కేలు విడిగా కొంటే ఖర్చెక్కువ. ఇంట్లో అల్యూమినియం వంచి చేసినవి గడగడమంటూ ప్రాణం తీస్తాయి.

అన్నిటికన్నా ముందు పోయింది జిప్పు. 5 నంబరు కాయిల్ జిప్పు (చుట్టలా తిప్పిన ప్లాస్టిక్ పళ్లది) వేశాను. ఎర్రమట్టి దుమ్ము పళ్లలో చేరి రన్నర్ అరిగింది, మూసిన జిప్పు వెనకాలే విచ్చుకోవడం మొదలైంది. దారిలో ప్లయర్స్‌తో రన్నర్ రెండు పక్కలా కాస్త నొక్కితే ఆ పూటకు గడుస్తుంది. ఇంటికొచ్చాక రన్నర్ ఒక్కటి మారిస్తే చాలు. కానీ మార్చాలంటే జిప్పు ఒక చివర ఊడదీయగలగాలి, అందుకని ఆ చివరను లోతుగా కుట్టేయకుండా చిన్న మడత కింద దాచి పెట్టాలి. ఈసారి వేసింది ఇంకా పెద్ద పళ్ల 8 నంబరు. మీరు మొదటే అది వేసుకోండి. హైదరాబాద్ బేగంబజార్‌లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, రన్నర్లు విడిగా నాలుగు ఎక్కువ తెచ్చుకోండి.

సీటు వెనక బ్యాగు మీద నా అభిప్రాయం అంత గొప్పగా లేదు. లేచి తొక్కుతూ ఎత్తు ఎక్కేటప్పుడు కుక్క తోకలా ఊగుతుంది. అడుగున వంటింటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు ముక్క కోసి పెట్టాక సగం తగ్గింది. బరువున్నవి సీటు రాడ్ వైపు, దుప్పటి చివరన సర్దితే ఇంకాస్త తగ్గుతుంది. సీటు ఎత్తు తక్కువ పెట్టుకునేవాళ్లకు బ్యాగు టైరుకు రాసుకునే భయం ఎప్పుడూ ఉంటుంది. ఫ్రేమ్ బ్యాగు వెల్క్రో పట్టీలు కూడా పైపు పెయింట్ తినేస్తాయి, కింద పాత ట్యూబు ముక్కలు చుట్టండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు హ్యాండిల్ దగ్గర వేలాడే గుండ్రటి పౌచ్‌తో ప్రారంభించండి. అడుగు 10 సెంటీమీటర్ల వ్యాసం అయితే పక్క గుడ్డ 31.5, కుట్టుకు ఇంకో 2. లీటరు సీసా నిక్షేపంగా పడుతుంది, ఫ్రేమ్ బ్యాగు వల్ల పోయిన సీసా చోటు మళ్లీ దొరికినట్టే. నేను రెండోది కూడా కుట్టి అందులో చెక్కలు, పల్లీ చిక్కీ వేసుకుంటాను. శ్రీశైలం ఘాట్‌లో ఆగినప్పుడు మాత్రం దాని మూతి తాడు బిగించి ముడి వేయాలి. అక్కడి కోతులకు ఆ పౌచ్‌లో ఏముంటుందో బాగా తెలుసు, లాగితే జారే బిగింపును క్షణంలో విప్పేస్తాయి.