కొత్త బ్రాంచ్ అని సీటు బుక్ చేయమంటే డబ్బు కట్టకండి: కానూరులో మాకు జరిగింది ఇదీ

వచ్చే జూన్‌కి పిల్లల్ని ఒకటో తరగతిలో వేయబోతున్న అమ్మానాన్నల కోసం రాస్తున్నాను. విజయవాడ దగ్గర కానూరు, పోరంకి, ఆటోనగర్ వైపు ఉండేవాళ్లు తప్పకుండా చదవండి. "మీ ఇంటి దగ్గరే మా స్కూలు కొత్త బ్రాంచ్ వస్తోంది, ఇప్పుడే బుక్ చేసుకుంటే ఫీజు తగ్గిస్తాం" అని ఎవరైనా మీ గుమ్మం ముందుకి వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆ బిల్డింగు పూర్తవ్వాలి, ఆ బ్రాంచ్‌కి సొంతంగా ప్రభుత్వ గుర్తింపు రావాలి, అప్పుడు చూసుకోవచ్చు. మేం ఆగలేదు. 18,000 కట్టి, ఆరేళ్ల పిల్లని నాలుగు వారాలు ఏడిపించాం.

మేం అంతకుముందు సింగ్ నగర్‌లో ఉండేవాళ్లం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా, మంచాలు, పాప పుస్తకాలు అన్నీ నీళ్లపాలయ్యాయి. ఇంక అక్కడ ఉండే ధైర్యం లేక సంక్రాంతి తర్వాత కానూరుకి అద్దెకి వచ్చాం. పాప యూకేజీ అయిపోవస్తోంది. కేంద్రీయ విద్యాలయం అనుకుంటే అక్కడ ఒకటో తరగతికి మార్చి 31కి ఆరేళ్లు నిండాలి. మా పాప పుట్టింది మేలో. చుట్టుపక్కల పేరున్న స్కూళ్లలో అడిగితే, తమ యూకేజీ పిల్లలతోనే సీట్లు నిండిపోయాయన్నారు. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఫిబ్రవరిలో ఒక పీఆర్వో, అంటే అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగే స్కూలు మనిషి, వచ్చారు. స్కూలు పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. "మేడం, మీ వీధి చివర కడుతున్నది మాదే. జూన్ 12కి రీఓపెనింగ్ ఇక్కడే. పాప నడిచి వెళ్లొచ్చు" అన్నారు. ఆ నడిచి వెళ్లొచ్చు అన్న మాట దగ్గరే నేను పడిపోయాను. వరదలో పాపని భుజం మీద ఎత్తుకుని పీకల్లోతు నీళ్లలో నడిచిన మనిషిని, స్కూలు కళ్ల ముందు ఉంటే చాలనుకున్నాను. మర్నాడే వాళ్ల పాత బ్రాంచ్‌కి వెళ్లాం. పాపకి 'ఇంటరాక్షన్' అని 500 తీసుకున్నారు. పదాలు చదివించారు, కూడికలు చేయించారు. మా ఇద్దరి చదువులు, జీతాలు అడిగారు. తర్వాత సీటు రిజర్వేషన్ కింద 17,500 కట్టించుకున్నారు.

అసలు ఆ ఇంటరాక్షనే తప్పని అప్పుడు మాకు తెలియదు. విద్యాహక్కు చట్టం 2009లో 13వ సెక్షన్ ప్రకారం స్కూల్లో చేర్చుకోవడానికి పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ ఏ రకమైన పరీక్షా పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. ప్రకటించిన ఫీజు కాకుండా డొనేషన్ లాంటివి తీసుకుంటే, తీసుకున్నదానికి పది రెట్ల వరకు జరిమానా వేయొచ్చు.

మే నెలాఖరుకి ఆ బిల్డింగు ఎలా ఉందో చెబుతాను. రెండో అంతస్తు శ్లాబు కింద సెంట్రింగ్ కర్రలు ఇంకా తీయలేదు. మెట్లకి రెయిలింగ్ లేదు. కింద ఇసుక గుట్ట, దాని మీద కుక్క పడుకుని ఉంది. ముందు మాత్రం పెద్ద ఫ్లెక్సీ, నవ్వుతున్న పిల్లల బొమ్మలతో. ఫోన్ చేస్తే "పది రోజుల్లో అయిపోద్ది మేడం" అన్నారు. జూన్ 10న మెసేజ్ వచ్చింది, పిల్లల్ని తాత్కాలికంగా భవానీపురం వైపు ఉన్న బ్రాంచ్‌కి పంపాలని. మా ఇంటి నుంచి అది ఊరికి ఆ చివర. బస్సు ఉదయం 6.40కి. బస్సు ఫీజు వేరే.

రెండు వారాలు పంపాం. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆరు దాటేది. బస్సులోనే నిద్రపోయేది. ఆయా ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టేది. బాక్సులో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది. మూడో వారంలో జ్వరం వచ్చింది. ఇంక మాన్పించేశాం.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. రెండు వీధుల అవతల ఉన్న పాత చిన్న స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ గారు, ఎవరో ఒకరు ఊరు మారి వెళ్లిపోవడంతో ఒక సీటు ఉందన్నారు. కంప్యూటర్‌లో పాప పెన్ నంబర్ కొట్టారు. అది యూడైస్‌లో పిల్లలకిచ్చే శాశ్వత నంబర్. యూడైస్ అంటే స్కూళ్ల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు. కాసేపు చూసి స్క్రీన్ మా వైపు తిప్పారు. పాప పేరు, పక్కన స్కూలు పేరు. అది మేం డబ్బు కట్టిన స్కూలు కాదు, పాపని పంపిన బ్రాంచ్ కూడా కాదు. మేం ఎన్నడూ వినని స్కూలు. "వీళ్లకి గుర్తింపు ఉండి ఉండదమ్మా, గుర్తింపు ఉన్న వేరే స్కూల్లో మీ పాపని చూపించారు. వాళ్లు వదిలితే తప్ప నేను చేర్చుకోలేను" అన్నారు. మా వారు జేబులోంచి రసీదు తీసి చూశారు. గులాబీ రంగు కాగితం. పైన పెద్ద అక్షరాల్లో వాళ్ల బ్రాండు పేరు, కింద రబ్బరు స్టాంపులో ఇంకేదో ఎడ్యుకేషనల్ సొసైటీ పేరు. ఫిబ్రవరి నుంచి ఆ కాగితం మా బీరువాలోనే ఉంది, ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు.

ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసులో అడిగితే కొత్త బ్రాంచ్ అడ్రసుకి గుర్తింపు ఉత్తర్వు లేదని చెప్పారు. కానూరు మనకి బెజవాడే గానీ, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి వెళ్లింది, కానూరు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. కాబట్టి ఇటువైపు వాళ్లకి డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసు మచిలీపట్నం. ఈ సంగతి తెలియక మేం ముందు విజయవాడలోనే తిరిగాం. మీరు ఆ పొరపాటు చేయకండి. గుర్తింపు లేకుండా స్కూలు నడిపితే చట్టంలో 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకుండా నడిపితే రోజుకి 10,000 దాకా. ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయండి. మేం రాసిచ్చిన మూడో రోజున పాప పేరు వాళ్ల దగ్గర నుంచి వదిలారు. అప్పటికి జూలై రెండో వారం.

డబ్బు కట్టేముందు స్కూలు వాళ్లని యూడైస్ కోడ్ అడగండి. 11 అంకెలుంటాయి, మన రాష్ట్రంలోవి 28తో మొదలవుతాయి. ఆ కోడ్‌ని యూడైస్ వెబ్‌సైట్‌లో కొట్టి, వచ్చిన పేరూ అడ్రసూ మీరు చూస్తున్న బిల్డింగువేనా అని చూసుకోండి. వేరే బ్రాంచ్ కోడ్ చూపించి "ఒకటే మేనేజ్‌మెంట్" అంటే ఒప్పుకోకండి. సీబీఎస్ఈ అని చెబితే బోర్డు వెబ్‌సైట్‌లో అఫిలియేషన్ (బోర్డు అనుబంధం) ఉందో లేదో చూడండి. 'సీబీఎస్ఈ ప్యాటర్న్' అంటే అఫిలియేషన్ ఉందని కాదు. రసీదు మీద ఎవరి పేరుందో, వెనక్కివ్వడం గురించి ఏం రాశారో అక్కడే నిలబడి చదవండి. బ్రాంచ్ మొదలవకపోతే మొత్తం తిరిగిస్తామని రాసివ్వమనండి. రాయనంటే లేచి వచ్చేయండి. ఆదాయం తక్కువున్నవాళ్లు, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతికి ఉండే 25 శాతం సీట్ల దరఖాస్తులు ఎప్పుడు తీస్తారో ముందు నుంచే కనుక్కుంటూ ఉండండి.

ఆ పీఆర్వో మీద నాకు కోపం లేదు. వాళ్లలో చాలామంది టీచర్లే, అడ్మిషన్ల టార్గెట్ పూర్తి చేయకపోతే జీతం ఆపుతారు. నా కోపమంతా ఆ ఫ్లెక్సీ కట్టించినవాళ్ల మీద. పాప ఇప్పుడు ఆ చిన్న స్కూల్లోనే చదువుతోంది, నడిచి వెళ్తోంది. మూడుసార్లు తిరిగితే 9,000 ఇచ్చారు. మిగతా డబ్బుకి "అడ్మిషన్ ఫీజు నాన్ రిఫండబుల్" అంటున్నారు.

మాతో పాటు ఇంకో నాలుగు కుటుంబాలు ఉన్నాయని తెలిసింది. వచ్చే సోమవారం మచిలీపట్నం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు అందరం కలిసి వెళ్తున్నాం. ఇలాగే కొత్త బ్రాంచ్ అని నమ్మి కట్టినవాళ్లు ఇంకా ఉంటే మాతో రండి. రసీదు జిరాక్సు, పాప లేదా బాబు పెన్ నంబర్, వాళ్లు పంపిన మెసేజ్‌ల ప్రింటు తెచ్చుకోండి.